చేశాకమ్మ ఇచ్చిన ఆరు యూనిట్లు

నాలుగో వార్డులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. డాక్టర్లు, ఆయాలు, తోటి నర్సులు, చివరికి మందుల గది కిటికీలో కూర్చునే ఫార్మసిస్టు కూడా చాటున చేశాకమ్మ అనే అనేవారు. ఎదురుగా సిస్టర్ అనేవారు గానీ, ఆ పేరు ఎన్నోసార్లు ఆమె చెవిన పడింది. ఆమెకు కోపమేమీ లేదు.

ఆ పేరు ఊరికే రాలేదు. నర్సు శిక్షణ మొదటి ఏడాదిలో ఆమెకు సాయంత్రం బస్సు ఒకటే. అది తప్పితే మరో గంటన్నర నిలబడాలి. అందుకని ఒకనాడు నాలుగు గంటలకు చూడాల్సిన జ్వరాలన్నీ మూడింటికే పట్టికలో నింపేసి, సంతకాలు పెట్టేసి బస్సెక్కింది. మర్నాడు మేట్రన్ ఆమెను పిలిపించి, తన పక్కనే కుర్చీ వేయించి, పట్టిక ముందు పెట్టింది.

"ఏడో మంచం ఆవిడ నిన్న మూడున్నరకే ఇంటికెళ్లిపోయింది. నువ్వు నాలుగింటికి ఆవిడకి జ్వరం చూశావు. తొంభై ఎనిమిదీ పాయింట్ నాలుగట. నీ చెయ్యి చాలా పొడుగమ్మా."

మేట్రన్ తిట్టలేదు. తిట్టి ఉంటే మర్చిపోయేదేమో. ఆనాటి నుంచి ఎవరెంత తొందరపెట్టినా "చేశాక రాస్తా" అనడం ఆమెకు ఊతపదమైపోయింది. డ్యూటీ మారే వేళ పక్క నర్సులు "అక్కా, ఒక సంతకం పారేసి పోదాం రా" అన్నా అదే మాట. ఇరవై ఆరేళ్లు గడిచాయి. ఆమె రాసిందంటే అది జరిగినట్టే అని వార్డులో అందరికీ నమ్మకం కుదిరింది.

ఆ నమ్మకానికి తన చేత్తోనే గండి కొట్టుకోవాల్సి వస్తుందని ఆమె అనుకోలేదు.

ఆసుపత్రికి కంప్యూటర్లు వచ్చిన ఏడాది సంగతి ఇది. కేస్‌షీట్లు, మందుల రిజిస్టర్లు అన్నీ అటకెక్కాయి. డాక్టరు తన గదిలో కూర్చుని ఫలానా రోగికి ఫలానా మందు అని టైపు చేస్తే, వార్డులో తెర మీద పసుపు రంగు గీత ఒకటి కనిపిస్తుంది. నర్సు ఆ మందు ఇచ్చి, గీత పక్కన ఉన్న 'పూర్తయింది' అనే మీట నొక్కితే అది పచ్చగా మారుతుంది. పక్కనే 'రద్దు' అని ఇంకో మీట. అంతే. కోడిగీతల్లాంటి రాతలు చదివే బాధ తప్పిందని మొదట్లో అందరికంటే సంతోషించింది ఆమే.

పన్నెండో మంచంలో ఒక రిటైరైన బస్సు కండక్టరు ఉండేవాడు. కాలి పుండు మానక చేరాడు. షుగర్ ఎక్కువ. పొద్దస్తమానం వార్డంతా నవ్వించేవాడు. ఆయా చీపురు పట్టుకుని వస్తే "ముందుకు జరగండి, వెనక ఖాళీ ఉంది" అనేవాడు. డిశ్చార్జి అయ్యేవాళ్లకు "మీ స్టాపు వచ్చింది, సామాను చూసుకోండి" అని చెప్పి పంపేవాడు.

ఒక సాయంత్రం ఆయనకు భోజనానికి ముందు పది యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వాలని తెర మీద ఉంది. చేశాకమ్మ సిరంజి తీసుకుని వెళ్లేసరికి ఆయన మొహం తిప్పుకుని పడుకున్నాడు. మధ్యాహ్నం తిన్నది వాంతయిందనీ, ఇప్పుడు రెండు ముద్దలకు మించి తినలేననీ అన్నాడు. తినని మనిషికి పది యూనిట్లు ఇస్తే షుగర్ అమాంతం పడిపోతుంది. ఆమె డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసింది.

"ఆరు ఇవ్వండి సిస్టర్, చాలు," అన్నాడాయన. వెనక ఎవరో ఏడుస్తున్నారు. ఆయన ఎమర్జెన్సీ గదిలో ఉన్నాడు.

ఆమె ఆరు యూనిట్లే ఇచ్చింది. వచ్చి తెర ముందు కూర్చుంది. పసుపు గీత మీద పది అని ఉంది. దాన్ని దిద్దే హక్కు డాక్టరుకే తప్ప నర్సుకు లేదు. రద్దు నొక్కితే అసలు ఇవ్వనట్టు అవుతుంది. ఇచ్చింది కదా. ఆమె కాసేపు చూసి, 'పూర్తయింది' నొక్కింది. గీత పచ్చబడింది. మనసొప్పక, ఎక్కడో నాలుగు పేజీల లోపలున్న వ్యాఖ్యల గడిలోకి వెళ్లి 'తినలేదు, డాక్టరు మాట మీద ఆరు ఇచ్చాను' అని రాసింది. ఆ గడి ఎవరూ తెరవరని ఆమెకు తెలియదు.

మర్నాటి పొద్దున పరీక్షలో ఆయన షుగర్ రెండు వందల తొంభై వచ్చింది. రౌండ్లకు వచ్చిన డాక్టరు వేరే ఆయన. తెర చూశాడు. నిన్న పది ఇచ్చినా ఇంత ఉందంటే మోతాదు చాలడం లేదనుకున్నాడు. మధ్యాహ్న భోజనానికి ముందు పదహారు అని రాశాడు. అంతకు ఆర్నెల్ల ముందే ఉద్యోగంలో చేరిన చిన్న సిస్టర్ పదహారు ఇచ్చింది. తెర మీద ఉన్నది ఉన్నట్టు ఇచ్చింది, ఇచ్చాక రాసింది. కండక్టరు ఆ పూట కూడా సగమే తిన్నాడు.

చేశాకమ్మ రెండింటికి డ్యూటీకి వచ్చింది. పన్నెండో మంచం దగ్గర నవ్వులు వినిపించాయి. కండక్టరు మంచం మీద కూర్చుని, గాలిలో చెయ్యి ఆడిస్తూ "లోపలికి జరగాలి, లోపలికి జరగాలి, చిల్లర ఇవ్వాలి" అంటున్నాడు. పక్క మంచాల వాళ్లు రోజూ వినే జోకే అనుకుని నవ్వుతున్నారు. ఆమె నవ్వలేదు. ఆయన కళ్లు ఎవరినీ చూడటం లేదు. నుదుటి మీద చెయ్యి వేస్తే మంచుముద్దలా ఉంది, చొక్కా వీపంతా తడిసిపోయింది.

వేలిమీద సూది గుచ్చి చూస్తే షుగర్ నలభై రెండు. గోడ మీద గడియారం రెండూ పదిహేడు. డాక్టరు కోసం ఎదురుచూసే వేళ కాదు. ట్రాలీలో గ్లూకోజ్ తీసి, చేతికున్న సూదిలోంచి నెమ్మదిగా ఎక్కించింది. రెండూ ఇరవై అయిదుకు కండక్టరు ఆమె మొహంలోకి చూసి, "ఏంటమ్మా, ఇంతమంది నా చుట్టూ చేరారు," అన్నాడు.

"మీ బస్సు దారి తప్పింది బాబాయ్. ఇప్పుడు రోడ్డు మీదకొచ్చింది," అంది ఆమె.

అసలు చిక్కు అప్పుడు వచ్చింది. షుగర్ కొలత మీటరు నుంచి దానంతటదే కంప్యూటర్లోకి ఎక్కింది గానీ, ఇచ్చిన గ్లూకోజ్ రాయడానికి చోటు లేదు. పసుపు గీత ఉంటేనే పచ్చగా మారుతుంది. డాక్టరు చెప్పనిది నర్సు చేసినట్టు ఆ యంత్రం ఒప్పుకోదు. మూడింటికి డ్యూటీ డాక్టరు వచ్చి, పాపం మంచి మనసుతోనే, తానే గ్లూకోజ్ ఆర్డరు పెట్టాడు. ఆమె మీట నొక్కింది. తెర మీద టైము దానంతటదే పడింది: మూడూ ఆరు.

నాలుగు రోజుల తర్వాత కండక్టరు కూతురు తండ్రి రికార్డు అచ్చు తీయించుకుంది. ఆవిడ ఒక బడిలో లెక్కల టీచరు. కాగితాలు పట్టుకుని నేరుగా వార్డుకు వచ్చింది.

"రెండూ పదిహేడుకి షుగర్ నలభై రెండు అని ఉంది. గ్లూకోజ్ ఇచ్చింది మూడూ ఆరుకి. నలభై తొమ్మిది నిమిషాలు మా నాన్నని అలా వదిలేశారా?"

"వదల్లేదమ్మా. వెంటనే ఇచ్చాను."

"ఇక్కడ అలా లేదే."

చేశాకమ్మ ఆ కాగితం తీసుకుని చూసింది. కింద తన పేరే ఉంది. పైన ముందురోజు సాయంత్రం పది యూనిట్లు అని ఉంది, అక్కడా తన పేరే ఉంది. మేట్రన్ పక్కన కుర్చీలో కూర్చున్న పందొమ్మిదేళ్ల పిల్లలా ఆమె ఆ అంకెలను మళ్లీ మళ్లీ చదివింది.

ఆవిడ ఫిర్యాదు రాసిచ్చింది. సూపరింటెండెంట్ గదిలో విచారణ జరిగింది. పదహారు యూనిట్లు ఇచ్చేముందు చిన్న సిస్టర్ రోగి తిన్నాడో లేదో చూసుకోవాల్సిందనీ, మెమో ఇవ్వాలనీ మాట నడిచింది. ఆ పిల్ల తల వంచుకుని కొంగు చివర నలుపుతోంది.

"ఆ మెమో ఏదో నాకివ్వండి సార్," అంది చేశాకమ్మ. "ముందురోజు నేనిచ్చింది ఆరు. రాసింది పది. నేను పది అని రాయకపోతే పదహారు వచ్చేది కాదు."

సూపరింటెండెంట్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "మీరు అబద్ధం రాశారా సిస్టర్?"

"మీట నొక్కాను సార్. అది రాసింది. కానీ వేలు నాదే."

సూపరింటెండెంట్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. మెమోలు ఎవరికీ ఇవ్వలేదు. కంప్యూటర్ కంపెనీ వాళ్లను పిలిపించాలని రాసుకున్నారు. బయటికొచ్చాక చిన్న సిస్టర్ ఏదో అనబోతే, "ముందు వెళ్లి అన్నం తిను, మొహం పీక్కుపోయింది," అని పంపేసింది.

ఆ సాయంత్రం ఆమె వార్డుకు వెళ్లి కండక్టరుకు జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆరు గురించీ, పది గురించీ, మీట గురించీ. కూతురు పక్కనే స్టూలు మీద కూర్చుని వింటోంది. కండక్టరు కాలి కట్టు సర్దుకున్నాడు.

"ముప్పయ్యొక్క ఏళ్లు టికెట్లు కొట్టానమ్మా," అన్నాడు. "ఎక్కడికి కొన్నాడో నా దగ్గర ఉంటుంది. ఎక్కడ దిగాడో ఎప్పుడైనా ఉందా? ముందు స్టాపులో దిగిపోయేవాళ్లు, నిద్రపోయి దాటిపోయేవాళ్లు. టికెట్టు చూసి మనిషి చేరాడనుకుంటే ఎలా?"

కూతురు కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. ఫిర్యాదూ వెనక్కి తీసుకోలేదు. అయితే మర్నాడు వచ్చినప్పుడు ఆమెను చూసి తల ఊపింది.

ఇంటి దగ్గర మాత్రం చేశాకమ్మకు నాలుగు రోజులు ముద్ద దిగలేదు. భర్త లిఫ్టుల మెకానిక్కు. మాట తక్కువ మనిషి. గోళ్లలో గ్రీజు, జేబులో టెస్టరు ఎప్పుడూ ఉంటాయి. అత్తగారికి రక్తపోటు, దాంతోపాటు ఆ వయసుకు తగ్గ గడుసుదనం.

"అత్తయ్యా, పొద్దున మాత్ర వేసుకున్నారా?" అని అడిగింది ఆమె డ్యూటీ దిగి వచ్చి.

"వేసుకోమని చెప్పి వెళ్లావుగా."

"చెప్పాను. వేసుకున్నారా?"

"నువ్వు చెప్పాక వేసుకోకుండా ఉంటానా?"

చేశాకమ్మ డబ్బా మూత తీసింది. మాత్ర లోపలే ఉంది. అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "నేను వేసుకోలేదని ఎక్కడన్నా అన్నానా," అంది.

భర్త నవ్వాపుకోలేకపోయాడు. ఆమెకూ నవ్వొచ్చింది. నాలుగు రోజుల్లో అదే మొదటిసారి. భోజనాల దగ్గర ఆమె గోడంతా వెళ్లబోసుకుంది. అతను పళ్లెంలో చూపు పెట్టుకునే విన్నాడు.

"మాకు రెండు కార్డులు," అన్నాడు చివరికి. "బిల్డింగు వాళ్లు రాసేది ఒకటి. తలుపు చప్పుడు చేస్తోంది, చూడండి అని. నేను రాసేది ఇంకోటి. తలుపు బాగానే ఉంది, తాడు అరిగింది, మార్చాను అని. వాళ్లు రాసిన కార్డు మీదే నేను టిక్కు పెట్టి వస్తే, మార్చిన తాడు సంగతి ఎవడికి తెలుస్తుంది? ఆర్నెల్లకి ఇంకోడు వచ్చి తలుపు పీకుతాడు."

ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నీ దగ్గర ఆ కార్డులు ఉన్నాయా?"

"షెడ్డులో బోలెడు."

మరుసటి వారం కంప్యూటర్ కంపెనీ ఇంజనీరు వచ్చాడు. నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు. చెప్పింది విని, విన్నది చిన్న పుస్తకంలో రాసుకుంటాడు. అలాగని తన పని తప్పంటే వెంటనే ఒప్పుకునే రకం కాదు.

"ఇది ఒకటే వస్తువు సిస్టర్," అన్నాడు తెర చూపించి. "ఆర్డరు పుడుతుంది, నడుస్తుంది, పూర్తవుతుంది. మధ్యలో రంగు మారుతుందంతే. మోతాదు దిద్దే వీలు నర్సులకి కూడా ఇచ్చేస్తే మీ సమస్య తీరిపోతుంది కదా?"

"అప్పుడు డాక్టరు గారు పది అన్నది ఎక్కడ ఉంటుంది?"

ఇంజనీరు చిన్న పుస్తకం తీసి ఆ ప్రశ్న రాసుకున్నాడు.

"అన్నది ఆయన, చేసింది నేను," అంది ఆమె. "ఆయన మాట నేను దిద్దకూడదు. నా పని ఆయన మాట కింద దాక్కోకూడదు. మీకొక రోజు తీరికుందా?"

మంగళవారం పొద్దున్నుంచి రాత్రి భోజనాల దాకా, ఇరవై రెండు మంది రోగులకు జరిగిందంతా కార్డుల మీద రాయించింది. డాక్టర్లు చెప్పిన ప్రతి మాటకూ ఒక తెల్ల కార్డు. నర్సులు చేసిన ప్రతి పనికీ ఒక గులాబీ కార్డు. భర్త షెడ్డులోంచి తెచ్చినవే, వెనకవైపు ఖాళీగా ఉన్నవి. మర్నాడు విశ్రాంతి గదిలోని పొడుగు బల్ల మీద ఇంజనీరూ, ఆమే, చిన్న సిస్టరూ వాటిని పరిచారు. తెల్లవి నూట నలభై. గులాబీవి నూట డెబ్బై ఒకటి.

"లెక్క సరిపోవాలే," అన్నాడు ఇంజనీరు.

"ఎందుకు సరిపోవాలి?" అంది చిన్న సిస్టర్. విచారణ తర్వాత ఆ పిల్ల గొంతు విప్పడం అదే మొదలు. "నాలుగు గంటలకోసారి అని డాక్టరు ఒక్కమాటే అంటారు. మేం రాత్రి భోజనాల్లోపే నాలుగుసార్లు వెళ్తాం."

ఒక తెల్ల కార్డు కింద నాలుగేసి గులాబీలు చేరాయి. కొన్ని తెల్ల కార్డుల కింద ఏమీ లేవు. కొన్ని గులాబీలకు పైన తెల్లది లేదు. మెట్ల దగ్గర తూలిన మనిషిని పట్టుకుని రక్తపోటు చూసింది అందులో ఒకటి. ఎవరు చెప్పారని చూస్తుంది? కొన్ని జతల్లో తెల్ల దాని మీద ఒకటుంటే గులాబీ మీద ఇంకొకటుంది. ఇంజనీరు ఆ చివరి కుప్పను వేళ్లతో తిరగేసి ఒక జత బయటికి తీశాడు.

"ఇది చూడండి. నాలుగు పూటలన్నారు, మూడే జరిగాయి. మధ్యలో డాక్టరే ఆపమన్నారు. ఈ ఆపమనడం తెల్లదా, గులాబీదా?"

ఆమె ఆలోచించింది. "అదీ చెప్పడమే కదా. తెల్లదే."

"మరి రోగి వద్దన్నాడు, మీరు ఇవ్వలేదు. అది? ఏమీ జరగలేదు కదా."

"జరక్కపోవడమేంటి? వెళ్లాను, అడిగాను, బతిమాలాను, ఇవ్వలేదు, ఎందుకో తెలుసుకున్నాను. అంతా నేను చేసిన పనే. గులాబీదే."

ఇంజనీరు పెన్ను మూత పెట్టి, మొదటిసారి నవ్వాడు. "ఇది మేం ఈ ప్రోగ్రాం రాసేటప్పుడే మిమ్మల్ని అడగాల్సింది సిస్టర్."

"అప్పుడు అడిగితే నాకూ తెలీదు బాబూ," అంది ఆమె. నిజమే చెప్పింది. ఇరవై ఆరేళ్లు చేతులతో చేసిన పనిని అలా బల్ల మీద పరిచి చూడటం ఆమెకూ అదే మొదలు.

మార్పు రావడానికి అయిదు నెలలు పట్టింది. ఇప్పుడు తెర రెండు సగాలుగా ఉంటుంది. ఎడమవైపు డాక్టర్లు చెప్పింది. దాన్ని ఎవరూ చెరపరు, ఆపాలన్నా మార్చాలన్నా కింద కొత్త మాట చేర్చాల్సిందే. కుడివైపు జరిగింది: ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎంత ఇచ్చారు, ఇవ్వకపోతే ఎందుకని. ఏ మాట వల్ల ఏ పని జరిగిందో రెంటినీ కలుపుతూ ఒక సన్నని గీత ఉంటుంది. పైన మాట లేకుండా జరిగిన పనికి గీత ఉండదు, కానీ చోటు ఉంటుంది. రాసే టైము వేరు, చేసిన టైము వేరు, రెండూ కనిపిస్తాయి.

అందరూ చప్పట్లు కొట్టారని కాదు. అయిదు మీటలు నొక్కాల్సిన చోట తొమ్మిది వచ్చాయని డాక్టర్లు గొణిగారు. "మీవల్లే అక్కా ఈ తద్దినం" అని నర్సులు ముఖం మీదే అన్నారు. ఆమె ఆ మాటలన్నీ పడింది. మొదటి నెలలో ఇంజనీరుకు ఫోన్ చేసి మూడు మీటలు తీయించింది కూడా.

కండక్టరు రికార్డును దిద్దడానికి కుదరలేదు. పాతవి పాతవే అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. సూపరింటెండెంట్ చుట్టూ ఆరుసార్లు తిరిగి, జరిగింది జరిగినట్టు ఒక కాగితం రాసి, తనూ ఇద్దరు డాక్టర్లూ సంతకాలు పెట్టి, రికార్డుకు జత చేయించింది. ఒక నకలు లెక్కల టీచరుకు పంపింది. పది రోజులకు జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. నాన్న పుండు మానిందనీ, కాగితం అందిందనీ.

ఆమెను వార్డు నుంచి తీసి కంప్యూటర్ విభాగంలో వేస్తామన్నారు. మంచం మీద మనిషి లేని చోట నాకేం పని అని వద్దంది. బుధవారాలు మాత్రం కొత్త నర్సులకు నేర్పడానికి ఒప్పుకుంది. ఎదురుగా పదిమంది కూర్చుంటే మొదటి వారం ఆమెకు మాట తడబడింది. రెండో వారం చిన్న సిస్టర్ వచ్చి పక్కన నిలబడింది. ఇప్పుడు సగం పాఠం ఆ పిల్లే చెబుతుంది.

మొన్న బుధవారం వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి అడిగింది. "మందు ఇవ్వలేదని రాస్తే మమ్మల్ని తిట్టరా మేడమ్?"

చిన్న సిస్టర్ ఆమె వైపు చూసింది.

"తిడతారు," అంది చేశాకమ్మ. "ఒక్కోసారి తిట్టాల్సిందే కూడా. కానీ ఎందుకివ్వలేదో పక్కనే ఉంటే, చదివి తిడతారు. చదివాక సగం మంది ఊరుకుంటారు."

అమ్మాయిలు నవ్వారు. ఆమె కుర్చీ జరుపుకుని, ఆ అమ్మాయిని ముందుకు రమ్మని తెర ముందు కూర్చోబెట్టింది. "రోగి నిద్రపోతున్నాడు, లేపొద్దని పెద్ద డాక్టరు సైగ చేశాడు, నువ్వు మాత్ర వెనక్కి తెచ్చేశావు. ఇప్పుడు ఎక్కడేం రాస్తావో రాయి, చూద్దాం," అంది.